నాన్న నడుస్తున్నారు, మాట్లాడుతున్నారు. ఆలోచన మాత్రం మునుపటిలా లేదు. స్ట్రోక్ తర్వాత ఇది మామూలేనా?

నీలిసిరా:

నాన్నకి 64 ఏళ్లు. మెదడు కుడి వైపు స్ట్రోక్ వచ్చి నాలుగో నెల నడుస్తోంది. ఎడమ చెయ్యి, కాలు ఫిజియోథెరపీతో చాలావరకు స్వాధీనంలోకి వచ్చాయి. మాట అసలు పోనేలేదు. చూడటానికి వచ్చినవాళ్లంతా "అదృష్టవంతుడు, పూర్తిగా కోలుకున్నాడు" అనేసి వెళ్తున్నారు. వాళ్లు అటు వెళ్లగానే అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకుంటున్నాం.

ఆయన ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. ఒక్క కామా తప్పినా ఊరుకునేవారు కాదు. ఇప్పుడు పుస్తకం పట్టుకుంటే "ఈ రాతకి తలా తోకా లేదు" అని పక్కన పడేస్తున్నారు. పక్కన కూర్చుని గట్టిగా చదివించుకుంటే తెలిసింది: ప్రతి లైనూ సగంలోంచి మొదలుపెడుతున్నారు. గడ్డం కుడి వైపే గీసుకుంటారు. గుమ్మం దాటేటప్పుడు ఎడమ భుజం తగులుతుంది. ఫోన్ బిల్లు కట్టిందే మళ్లీ కట్టారు. లేవమంటే లేస్తారు కానీ తనంతట తాను ఏదీ మొదలుపెట్టరు. అలా కుర్చీలోనే ఉంటారు.

ఇవేవీ ఆయన ఒప్పుకోరు. "నాకేమైంది? మీకే కంగారెక్కువ" అంటారు. పైగా బండి తాళాలు అడుగుతున్నారు. ఇది డిమెన్షియా మొదలవడమా? తగ్గుతుందా? ఈ మొండితనాన్ని ఎలా దారికి తేవాలి?

కుడిపక్క మనిషి:

మీ నాన్నగారి తరఫున నేను మాట్లాడతానండి. నాకూ 49 ఏళ్లప్పుడు కుడి మెదడుకే వచ్చింది.

ముందు ఆ 'మొండితనం' అనే మాట పక్కన పెట్టండి. ఎడమ వైపు చీకటిగా కనపడుతుందని అందరూ అనుకుంటారు. చీకటి కనపడితే అటు ఏదో ఉందని తెలిసేది కదా! నాకు ఏ లోటూ తెలియలేదు. ఉన్నదంతా కనపడుతూనే ఉందనిపించేది. గడియారం బొమ్మ గీయమంటే 12 అంకెలూ కుడి సగంలోనే కుక్కి, బాగా వచ్చిందనుకుని థెరపిస్టు చేతికిచ్చాను. ఆవిడ మొహం చూసి, వేళాకోళం చేస్తోందేమోనని కోపం కూడా వచ్చింది.

కుర్చీలో ఉండిపోవడం గురించి. లేవాలని మనసులో ఉంటుంది. ఆ అనుకోవడానికీ కాలు కదపడానికీ మధ్య తీగ తెగినట్టుంటుంది. ఎవరో ఒకరు "పదండి" అంటే ఠక్కున లేచేవాణ్ణి. మా అన్నయ్య దాన్ని బద్ధకమన్నాడు. ఆ ఒక్క మాట మాత్రం నేనింకా మరచిపోలేదు.

చదవడానికి నాకు పనికొచ్చింది ఎర్ర టేపు. పేజీ ఎడమ అంచున నిలువుగా అంటించాలి. ఎరుపు కంటపడేదాకా వెనక్కి జరిగి, అక్కణ్ణుంచే లైను మొదలుపెట్టాలి. నియమం ఇదొక్కటే. మొదట్లో ఎవరో ఒకరు పక్కన కూర్చుని "ఎరుపు కనపడిందా?" అని అడుగుతుండాలి. తర్వాత అలవాటవుతుంది.

ఆయనతో వాదించకండి. వాదనలో మీరు గెలవరు, ఎందుకంటే ఆయన కళ్లు ఆయన పక్షానే సాక్ష్యం చెబుతుంటాయి. ఏదైనా పని చేసే ముందు "ఎలా చేస్తారనుకుంటున్నారు?" అని అడగండి. అయ్యాక ఇద్దరూ కలిసి చూడండి. తప్పు పట్టినట్టు కాకుండా, ఆయన ప్రూఫులు దిద్దినట్టే. పాత వృత్తి ఇక్కడ సాయపడొచ్చు.

ఇంకొకటి, టీవీ నడుస్తుండగా ముఖ్యమైన సంగతులు చెప్పకండి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే నాకు ఇప్పటికీ ఇద్దరి మాటా అందదు. సాయంత్రమయ్యేసరికి మెదడు పూర్తిగా అలిసిపోతుంది. లెక్కలూ సంతకాలూ పొద్దున్నే.

పునర్వసు:

స్ట్రోక్ పునరావాసంలో పనిచేస్తాను. మనిషిని చూడకుండా నిర్ధారించలేను కానీ, మీరు రాసినవన్నీ కుడి మెదడు స్ట్రోక్‌లో మేం తరచూ చూసేవే. ఎడమ వైపును పట్టించుకోకపోవడాన్ని నెగ్లెక్ట్ అంటాం. తన లోపం తనకి తెలియకపోవడాన్ని అనోసోగ్నోసియా అంటాం. ఆ రెండోది కూడా జబ్బు లక్షణమే, స్వభావం కాదు. లోపాన్ని పసిగట్టాల్సిన భాగమే దెబ్బతింటే మనిషి ఏం ఒప్పుకోగలడు?

డిమెన్షియా గురించి: అల్జీమర్స్ లాంటివి మెల్లగా మొదలై పెరుగుతూ పోతాయి. స్ట్రోక్ లోపం ఒక్కసారిగా వచ్చి, సాధారణంగా కొంత తగ్గి, ఒకచోట నిలబడుతుంది. అలా నిలబడ్డాక మళ్లీ మెట్టు దిగినట్టు తగ్గితే, కొత్తగా చిన్న స్ట్రోక్ వచ్చిందేమో చూడాలి. అందుకే బీపీ, షుగర్, గుండె లయ, మందులు తప్పకపోవడం ఇవన్నీ ఆలోచనకి కూడా వైద్యమే.

కోలుకోవడం మొదటి మూడు నెలల్లో వేగంగా ఉంటుంది. వాపు దిగుతుంది. రక్తం ఆగినచోటికి దూరంగా ఉండి, దానితో సంబంధం తెగి మూగబోయిన భాగాలు కూడా మెల్లగా మేలుకుంటాయి. ఈ సంగతిని వాన్ మొనాకోవ్ అనే న్యూరాలజిస్టు 1914లోనే డయాస్కిసిస్ అని పేరు పెట్టి రాశాడు. మూడు నెలల తర్వాత వేగం తగ్గుతుంది, ఆగిపోదు. సాధనతో నేర్చుకునేది ఏళ్ల తరబడి జరుగుతుంది.

జ్ఞాపకం, ధ్యాస, ఆలోచన ఎలా ఉన్నాయో చూసే మోకా (MoCA) పరీక్ష చేయించారా? 30 మార్కులకి 26 కంటే తక్కువ వస్తే వివరంగా చూడాలంటారు. అయితే నెగ్లెక్ట్ ఉన్నవాళ్లకి బొమ్మల ప్రశ్నల్లో మార్కులు పోతాయి. ఆ అంకె చూసి బెదిరిపోకండి. డిప్రెషన్ కూడా పరీక్షించమనండి. స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి వస్తుంది, పైకి మాత్రం నిరాసక్తతలాగే కనిపిస్తుంది. రెండింటికీ చికిత్స ఒకటి కాదు. థైరాయిడ్, బి12, నిద్రలో గురకతో ఊపిరి ఆగడం, నిద్రమాత్రలు వీటిని కూడా చూడాలి.

బండి తాళాలు ఇవ్వొద్దు. ఇందులో మొహమాటం పనికిరాదు. నిపుణులు పరీక్షించి సరేననేదాకా అంతే. "డాక్టరు గారు ఇంకా ఒప్పుకోలేదు" అని మా మీదకి తోసేయండి, మాకు అలవాటే.

మందారం:

మా ఆయనకి మెదడు ఎడమ వైపు వచ్చింది. మాట పోయింది, తెలివి మాత్రం అంతా ఉండేది. తనేం పోగొట్టుకున్నారో తనకి తెలిసి ఏడ్చేవారు. మీ ఇంట్లో దానికి పూర్తిగా విరుద్ధం. ఏది తేలికో చెప్పలేను.

అమ్మగారి గురించి రెండే ముక్కలు రాశారు. రోజంతా "పదండి, లేవండి" అనే గొంతు ఆవిడదే అయ్యుంటుంది. వారంలో కొన్ని పూటలు ఆ పని మీరు తీసుకోండి.

నీలిసిరా:

అందరికీ ధన్యవాదాలు. టేపు అంటించాను. "పుస్తకం పాడు చేశారు" అని కసిరారు కానీ, ఒక పేజీ మొదటి నుంచి చదివారు. రెండో పేజీకి విసుగొచ్చి మూసేశారు. అమ్మ గురించి మందారం గారన్నది నిజమే, వంతులు వేసుకుంటున్నాం.

పునర్వసు గారూ, ఒక సందేహం. ఆయనకి నిజంగా చూపే సగం పోయిందేమో? ఇది నెగ్లెక్టేనని ఎలా తెలుస్తుంది?

పునర్వసు:

మంచి ప్రశ్న. రెండూ కలిసి కూడా ఉండొచ్చు. కేవలం చూపు సగం పోయినవాళ్లు చాలామంది కొన్నాళ్లకి తల తిప్పి వెతుక్కోవడం నేర్చుకుంటారు. నెగ్లెక్ట్ ఉన్నవాళ్లకి ఎవరైనా గుర్తుచేస్తే తప్ప వెతకాలని తోచదు. కంటి డాక్టరు దగ్గర విజువల్ ఫీల్డ్ పరీక్ష (చూపు ఏ వైపు ఎంతమేర అందుతోందో చూసేది) చేయించండి. స్ట్రోక్ వచ్చిందనీ, ఎడమ వైపు ధ్యాస ఉండదనీ ముందే చెప్పండి. లేకపోతే ఫలితాన్ని తప్పుగా చదివే ప్రమాదం ఉంది. ఆ రిపోర్టు మీ న్యూరాలజిస్టుకి, రోజువారీ పనులు మళ్లీ సాధన చేయించే ఆక్యుపేషనల్ థెరపిస్టుకి కూడా చూపించండి.