బాష్ స్క్రిప్ట్‌లో ఫైల్ పేర్ల సమస్య, చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు తెలుగు పేర్లని ఎలా పట్టుకోవాలి?

అందరికీ నమస్తే, పాత ఫైళ్ళన్నీ ఒకచోటికి చేర్చడానికి బాష్‌లో (లినక్స్ కమాండ్లు నడిపే షెల్) స్క్రిప్ట్ రాస్తున్నా, మామూలు పేర్లకి బానే నడుస్తోంది. స్పేస్ ఉన్న పేరు రెండు ముక్కలైపోతుంటే వేరియబుల్‌కి డబుల్ కోట్స్ పెట్టా, హైఫన్‌తో మొదలయ్యే పేర్లని ఫైల్‌ని జరిపే ఎంవీ కమాండ్ ఆప్షన్ అనుకుంటుంటే ముందు రెండు హైఫన్లు పెట్టా. లినక్స్‌లో స్లాష్, నల్ తప్ప ఏ బైట్ అయినా పేర్లో ఉండొచ్చు కాబట్టి, కొత్త లైన్ ఉన్న పేర్లు కూడా దొరికాయి, అందుకే ఎల్‌ఎస్ ఇచ్చే పేర్ల లిస్టు మీద లూప్ తిప్పడం మానేసి, ఫైళ్ళని వెతికే ఫైండ్ కమాండ్‌లో ప్రింట్ జీరో (పేర్ల మధ్య నల్ బైట్ పెట్టే ఆప్షన్) వాడి వైల్ రీడ్ లూప్‌తో చదువుతున్నా.

అసలు చిక్కు తెలుగు పేర్లతోనే అండి. "పైరు" అని ఒకే ఫోల్డర్లో రెండు ఫైళ్ళున్నాయి, కంటికి తేడా లేదు, హెక్స్‌లో చూస్తే ఒకదాంట్లో ఐత్వం ఒకే కోడ్‌పాయింట్ (యూనికోడ్‌లో గుర్తుకిచ్చే నంబర్), రెండోదాంట్లో ఎత్వమూ కింది గుర్తూ విడివిడిగా ఉన్నాయి. అన్నిటినీ ఎన్‌ఎఫ్‌సీలోకి (ఇలా విడిగా ఉన్న గుర్తుల్ని ఒకటిగా కలిపే యూనికోడ్ రూపం) మార్చేద్దామంటే రెండూ ఒకటే పేరై ఒక ఫైల్ పోతుందేమోనని భయంగా ఉంది, అవి నాకు చాలా ముఖ్యమైనవి. పేరు మార్చకముందే ఇలాంటి జంటలన్నీ లిస్టు తీయడం ఎలా?

ఇంకోటి, కొన్ని పేర్లలో కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు ఒత్తుగా కలవకుండా ఆపే గుర్తు) ఉంది, అందుకని మామూలుగా టైప్ చేసి వెతికితే ఆ పేర్లు గ్రెప్ కమాండ్‌కి దొరకట్లేదు, తీసేస్తే పొల్లు పోయి ఒత్తు పడుతోంది. వెతికేటప్పుడు మాత్రమే దాన్ని వదిలేసే పద్ధతి ఉంటే చెప్పండి ప్లీజ్, పైథాన్‌లో అయినా పర్లేదు.