హోపా క్రాబ్ ఆపిల్‌కి ఏటా మందు కొట్టాలా, చెట్టే కొట్టేయాలా?

పెరటిపచ్చన: అమెరికాలోని ఇల్లినాయ్‌లో పాత ఇళ్ల ముందు హోపా రకం క్రాబ్ ఆపిల్ (పూల అందానికి పెంచే చిన్నకాయల ఆపిల్) చెట్లు ఇంకా చాలానే ఉన్నాయి. మే నెలలో కొమ్మ కనిపించకుండా గులాబీరంగు పూలు. జులైకల్లా ఆకంతా పండి రాలిపోయి, నడివేసవిలో మోడులా నిలబడుతుంది. ఇదంతా స్కాబ్ అనే శిలీంద్ర తెగులు పనే. ఏటా మందు కొట్టడం దండగ, తీసేసి తెగులు తట్టుకునే ప్రెయిరీఫైర్ రకం పెట్టుకోవడమే మేలని నా వాదన. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

అంటుకొమ్మ: నేను కాదంటానండీ. స్కాబ్ చెట్టుని నీరసపరుస్తుందే గానీ ఒక్కసారిగా చంపదు. నిండుగా ఎదిగిన చెట్టుని గంటలో నరికేయొచ్చు, ఆ నీడ మళ్లీ రావాలంటే ఏళ్లు పడుతుంది. మందు పనిచేయలేదనేవాళ్లలో ఎక్కువమంది మచ్చలు కనపడ్డాక కొట్టినవాళ్లే. మొగ్గ చివర పచ్చదనం తొంగిచూడగానే మొదటి పిచికారి పడాలి. తర్వాత 10–14 రోజులకోసారి, రేకులు రాలాక రెండు వారాల దాకా. మైక్లోబ్యుటానిల్ అనే శిలీంద్రనాశిని సరిపోతుంది, మోతాదు సీసా మీద ఉన్నదే. పూల మీద తేనెటీగలుంటాయి, పురుగుమందు మాత్రం కలపొద్దు.

పెరటిపచ్చన: 25 అడుగుల చెట్టు పైకొమ్మలకి చేతిపంపు అందదు కదండీ. పైన తడవని ఆకుల్లో తెగులు పెరిగి, వాన చినుకులతో కింది ఆకులకి దిగుతుంది. కింద కొట్టిన మందంతా వృథా.

ఈనెపుల్ల: ముందు తెగులేదో తేల్చుకోండి. ఆకు మీద ఆలివ్ రంగులో, ముఖమల్ గుడ్డలా, అంచు చెదిరిన మచ్చ ఉంటే స్కాబ్. నారింజరంగు గుండ్రటి మచ్చయితే తుప్పు తెగులు, అది దగ్గర్లోని జునిపర్ చెట్ల నుంచి వస్తుంది. కొమ్మ చివర నల్లబడి కొంకి కర్రలా వంగితే ఫైర్ బ్లైట్ అనే బ్యాక్టీరియా తెగులు. దానికి ఈ మందు పనిచేయదు. చలికాలంలో, ఎండిన చోటికి 8–12 అంగుళాల దిగువన కోసేయాలి.

స్కాబే అయితే రాలిన ఆకుల సంగతి చూడండి. శిలీంద్రం చలికాలమంతా వాటిలోనే దాక్కుంటుంది. ఊడ్చి తీసేయండి, లేదా గ్యాలన్ నీటికి 190 గ్రాముల యూరియా కలిపి నేలమీది ఆకులు తడిసేలా చల్లండి, త్వరగా కుళ్లిపోతాయి. పక్కింటి చెట్టు నుంచి గాలికి వచ్చేదాన్ని మాత్రం ఇది ఆపదు.

అంటుకొమ్మ: ఎత్తు మాట ఒప్పుకుంటాను. 15 అడుగులు దాటితే పెద్ద పంపున్నవాళ్లని పిలవాలి, ఆ ఖర్చు ఏటా ఉంటుంది. కానీ కొత్తది పెట్టేవాళ్లు తొందరపడి స్ప్రింగ్ స్నో రకం తెచ్చుకోకండి. కాయలు కాయదు, కింద చెత్త పడదు, నిజమే. స్కాబ్ మాత్రం దానికీ పడుతుంది.

పెరటిపచ్చన: అందుకే ప్రెయిరీఫైర్ అంటున్నా. 20 అడుగుల్లో ఆగుతుంది, కాయ అర అంగుళమే. చోటు ఇంకా తక్కువైతే సార్జెంట్ అనే పొట్టి రకం. పాత మొద్దున్న గుంటలోనే పెట్టకుండా కాస్త జరగండి. గుంట వేరుముద్దకి రెండుమూడింతల వెడల్పు ఉండాలి, లోతు వేరుముద్దంతే. మొదలు వెడల్పయ్యే చోటు నేలపైన కనిపించాలి. అది పూడితే బెరడు కుళ్లుతుంది, ఏ రకమైనా బతకదు.

ఈనెపుల్ల: హోపా కాయలు పుల్లగా ఉంటాయని పప్పులోకో పచ్చడికో కోసుకునేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి. అలంకార చెట్లకని అమ్మే క్లోరోథలోనిల్ అనే శిలీంద్రనాశిని కొడితే ఆ కాయలు వంటకి పనికిరావు. కొనేముందే లేబుల్ చదవండి.