ప్లేట్‌లెట్లు పుట్టేది మూలుగలోనా, ఊపిరితిత్తుల్లోనా?

నర్సింగ్ విద్యార్థిని:
రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు, ఎముక మూలుగలోని మెగాకారియోసైట్లనే పెద్ద కణాల నుంచి వస్తాయని మా పాఠం. 2017లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు, ఎలుకల్లో దాదాపు సగం ఊపిరితిత్తుల్లోనే తయారవుతున్నాయన్నారు. ఏది నమ్మాలి?

ఎర్రచుక్క:
పాఠం మార్చాల్సిందే. బతికున్న ఎలుక ఊపిరితిత్తుల్లోకి సూక్ష్మదర్శినితో చూశారు. మూలుగ నుంచి రక్తంలో వచ్చిన మెగాకారియోసైట్లు సన్నని రక్తనాళాల్లో చిక్కుకుని, దారాల్లా సాగి, తునకలవడం కళ్లారా కనిపించింది. గంటకు కోటికి పైగా ప్లేట్‌లెట్లని లెక్క కట్టారు. 1893లోనే జర్మనీకి చెందిన ఆషాఫ్ ఊపిరితిత్తుల్లో ఈ కణాలను గుర్తించాడు. 1937లో అమెరికా శాస్త్రవేత్త హోవెల్ కూడా ప్లేట్‌లెట్లు అక్కడ తయారవుతాయని వాదించాడు. మెగాకారియోసైట్ అనే పేరు పెట్టిందీ ఆయనే!

మజ్జ పక్షం:
ఎర్రచుక్క గారూ, వాళ్లు చూసిన దృశ్యాన్ని నేను కాదనను. ఆ లెక్క దగ్గరే నాకు పేచీ. కొద్ది భాగాన్ని చూసి మొత్తానికి కట్టిన అంచనా అది. 2024లో మరో బృందం ఎలుకలపైనే పనిచేసి, ప్రధాన స్థానం మూలుగేనని తేల్చింది. మనిషి శరీరం రోజుకు సుమారు పదివేల కోట్ల ప్లేట్‌లెట్లు తయారుచేస్తుంది. అందులో సగం ఊపిరితిత్తులవే అనాలంటే ఎలుక సాక్ష్యం చాలదు.

ఎర్రచుక్క:
మనిషి సాక్ష్యమూ ఉంది. ఊపిరితిత్తుల్లోకి వెళ్లే రక్తంలో మెగాకారియోసైట్లు ఎక్కువ, వాటిని దాటి వచ్చిన రక్తంలో తక్కువ. మిగిలినవి ఏమైనట్టు?

మజ్జ పక్షం:
అక్కడ ఆగాయని మాత్రమే అది చెబుతుంది, ఎన్ని ప్లేట్‌లెట్లు ఇచ్చాయో చెప్పదు. అసలు మనం రెండు రకాల కణాలను కలిపేస్తున్నాం. రక్తంలో కొట్టుకొచ్చి నాళాల్లో చిక్కుకునేవి ఒక రకం. ఊపిరితిత్తుల కణజాలంలోనే కాపురముండేవి వేరు. మూలుగలో పెద్ద మెగాకారియోసైట్ తాను విభజన చెందకుండానే డీఎన్ఏను పదేపదే రెట్టింపు చేసుకుంటుంది. కాపురముండే ఈ కణాలు చిన్నవి, డీఎన్ఏ కూడా తక్కువ. 2021 నాటి ఎలుక పరిశోధనల్లో ఇవి బ్యాక్టీరియాను మింగి, వాటి ముక్కలను రోగాలతో పోరాడే టి కణాలకు చూపడం కనిపించింది. అంటే కాపలా పని! మూలుగలోనూ కొన్ని మెగాకారియోసైట్లు, రక్తకణాలను పుట్టించే మూలకణాలను నిద్రావస్థలో ఉంచుతాయని 2014లో రెండు బృందాలు ఎలుకల్లో చూపాయి.

నర్సింగ్ విద్యార్థిని:
అంటే అన్నీ ప్లేట్‌లెట్ల కోసమే పుట్టినవి కావన్నమాట! మాకు ఈ మాట ఎవరూ చెప్పలేదండీ.

ఎర్రచుక్క:
కాపలా కణాల మాట ఒప్పుకుంటున్నాను, ఆ రెండింటినీ నేనూ కలిపేశాను. నాళాల్లో తునకలయ్యే వాటి విషయంలో మాత్రం నా వాదన అలాగే ఉంది. అమ్మా, పరీక్షలో మూలుగ అనే రాయండి. పక్కనే ఊపిరితిత్తుల పేరు కూడా ఒక వాక్యంలో చేర్చండి.