రంగూన్ చూడాలన్న కోరిక తప్పా?

ప్రశ్న (కర్నూలు)

అందరికీ నమస్కారం. నేను కర్నూలులో చరిత్ర పాఠాలు చెప్పి పదవీ విరమణ చేశాను. మా అమ్మ పుట్టిల్లు శ్రీకాకుళం వైపు. ఆమె తండ్రి రంగూన్ (ఇప్పటి మియన్మార్ లోని యాంగోన్) బియ్యం మిల్లులో పనిచేసి, 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు అస్సాం అడవుల మీదుగా నడిచి ఇల్లు చేరాడని వింటూ పెరిగాను. ఆ ఊరు ఒక్కసారి చూడాలని ఉంది. అయితే 2021 ఫిబ్రవరి 1న మియన్మార్ సైన్యం ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోసి, దాని నేత ఆంగ్ సాన్ సూకీని నిర్బంధించిందనీ, అక్కడ మనం పెట్టే ఖర్చంతా ఆ సైన్యానికే చేరుతుందనీ మా అబ్బాయి అడ్డుపడుతున్నాడు. ముందే తీర్పు చెప్పుకోకుండా వెళ్లి అక్కడివాళ్ల మాట వినాలన్నది నా ఉద్దేశం. మీరేమంటారు?

జవాబు (అనంతపురం)

టీచర్ గారూ, మీ అబ్బాయి సందేహాన్ని కొట్టిపారేయకండి. 1996ను అప్పటి సైనిక ప్రభుత్వం పర్యాటక సంవత్సరంగా జరిపినప్పుడు, విదేశీయులు రావద్దని సూకీయే కోరారు. 2010 తర్వాత ఆమె పార్టీ ఆ పట్టు సడలించి, విడిగా వచ్చేవారికి అభ్యంతరం లేదని, పెద్ద ప్యాకేజీ యాత్రలు మాత్రం వద్దని చెప్పింది. నాకు ఇప్పటికీ ఆ తేడాయే సబబుగా తోస్తుంది. వీసా రుసుము ఎలాగూ ప్రభుత్వానికే పోతుంది, కానీ బస, భోజనం, బండి బాడుగ ఎవరి చేతికి అందాలో మీరే నిర్ణయించుకోవచ్చు. 2017లో అక్కడి సైన్యం దాడులకు తాళలేక ఏడు లక్షలకు పైగా రోహింగ్యా ముస్లింలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. ఆ దాడులపై వేసిన కేసులో 2019లో సూకీ స్వయంగా హేగ్ అంతర్జాతీయ న్యాయస్థానంలో తమ దేశం తరఫున వాదించారు. ఈ రెండూ చదువుకుని వెళ్తే, అక్కడ వినే ఏ మాటకైనా మీ మనసులో చోటుంటుంది.

జవాబు (కడప)

అమ్మా, నేను 2019లో యాంగోన్, బాగన్ చూశాను. బాగన్ మైదానంలో రెండు వేలకు పైగా పాత గుళ్లు, స్తూపాలు ఉన్నాయి. గుర్రబ్బండిలో రెండు రోజులు తిరిగాను. టీ దుకాణంలో కూర్చున్నప్పుడు, సైన్యం గురించి మీరేమనుకుంటున్నారని బండి నడిపే ఆయనను గట్టిగానే అడిగాను. ఆయన పక్క బల్ల వైపు ఒకసారి చూసి, తలవంచుకుని టీ తాగాడు. సూకీ పార్టీ ప్రభుత్వంలో ఉన్న రోజుల్లోనే ఆయనకు అంత జంకు. తెలుసుకోవాలన్న ఆత్రంలో ఆయనను ఇబ్బంది పెట్టానన్న బాధ నాకు ఇంకా పోలేదు. నేను మరునాడు విమానం ఎక్కాను, ఆయన అక్కడే ఉండాలి. కాబట్టి రాజకీయం మీరుగా ఎత్తకండి, వాళ్లు చెబితే వినండి, చెప్పినవారి ఫోటోను, పేరును ఎక్కడా పెట్టకండి.

యాంగోన్‌లో చివరి మొగల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్ సమాధి తప్పక చూడండి. మన కర్నూలు చివరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను 1839లో ఆంగ్లేయులు తిరుచిరాపల్లికి పంపినట్టే ఆయననూ రంగూన్‌కు పంపారు. 1862లో అక్కడే కన్నుమూశారు.

జవాబు (నంద్యాల)

సగైంగ్, రఖైన్ వైపు పోరు నడుస్తోంది, అటు వెళ్లవద్దు. 2025 మార్చి 28 భూకంపం మాండలేను బాగా దెబ్బతీసింది. టికెట్ కొనే ముందు మన విదేశాంగ శాఖ సూచనలు చదవండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ప్యాకేజీ ఆలోచన మానుకున్నాను. పరిస్థితి అనుకూలిస్తే యాంగోన్ ఒక్కటే చూసి, స్థానిక కుటుంబం నడిపే చిన్న బసలో దిగుతాను. కడప నుంచి రాసిన బాబు మాట మా అబ్బాయికి చదివి వినిపించాను. తానూ వెంట వస్తానన్నాడు. తాతయ్య పనిచేసిన మిల్లు పేరు మాకు తెలియదు. రంగూన్ రేవు దగ్గర తెలుగువాళ్లు ఉన్న వీధుల గురించి మీ ఇళ్లలో పెద్దలు ఏమైనా చెప్పి ఉంటే, దయచేసి ఇక్కడ రాయండి.