మెయిల్ ఐడీకి గట్టి రెజెక్స్ పెట్టాలా, కన్ఫర్మేషన్ మెయిల్ చాలా?

కోడ్‌బాట:
మా నమోదు ఫారమ్‌లోకి తప్పుడు మెయిల్ ఐడీలు కుప్పలుతెప్పలుగా వస్తున్నాయి. సర్వర్‌లోనే గట్టి రెజెక్స్ (అక్షరాల అమరికను సరిచూసే నమూనా) పెట్టి తిప్పికొట్టాలన్నది నా వాదన. అక్షరాలు, అంకెలు, చుక్క, అండర్‌స్కోర్ మాత్రమే ఉండాలి. డాట్ తర్వాత రెండు నుంచి నాలుగు అక్షరాలు. మీరేమంటారు?

తొలకరి:
ఒప్పుకోనండి. ఈ నియమం నిజమైన వాడుకరులనే గెంటేస్తుంది. పేరు తర్వాత ప్లస్ గుర్తు చెల్లుతుంది, అపాస్ట్రఫీ కూడా చెల్లుతుంది. నాలుగక్షరాలే అంటే 2001 నుంచీ ఉన్న డాట్ మ్యూజియం సంగతేమిటి? 2012 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6531 (ఆర్‌ఎఫ్‌సీ అంటే ఇంటర్నెట్ నియమాల పత్రం) ప్రకారం తెలుగు అక్షరాలతోనూ ఐడీ ఉండవచ్చు. అదే సమయంలో, నోటికొచ్చిన పేరు కొట్టి చివర జీమెయిల్ డాట్ కామ్ తగిలించినవారిని మీ రెజెక్స్ సాదరంగా లోపలికి పంపిస్తుంది! రూపం సరిగా ఉన్నంత మాత్రాన ఆ మెయిల్‌బాక్స్ ఉన్నట్టు కాదు. ఉన్నా, అది ఆ మనిషిదేనని తేలదు. అది తేలేది కన్ఫర్మేషన్ మెయిల్‌లో పంపిన లింకు నొక్కినప్పుడే.

కోడ్‌బాట:
అంటే తనిఖీ ఎత్తేయమంటారా? లేని ఐడీలకు మెయిళ్లు పంపి బౌన్స్‌లు (చేరక తిరిగొచ్చే మెయిళ్లు) పెరిగితే మన సర్వర్ పరువు పోతుంది.

సర్వర్‌గది:
బౌన్స్‌ల భయం సబబే. డొమైన్‌కు ఎంఎక్స్ రికార్డు (దాని మెయిళ్లను ఏ సర్వర్ తీసుకుంటుందో చెప్పే నమోదు) ఉందో లేదో చూడండి, లేని డొమైన్లు అక్కడే రాలిపోతాయి. అయితే ఎంఎక్స్ లేకపోయినా డొమైన్‌కు నేరుగా ఐపీ చిరునామా ఉంటే మెయిల్ అక్కడికే పంపాలని ఆర్‌ఎఫ్‌సీ 5321 చెబుతోంది. ఈ రికార్డులు చెప్పే డీఎన్‌ఎస్ వ్యవస్థ కాసేపు జవాబివ్వకపోతే దాన్ని వాడుకరి తప్పుగా లెక్కగట్టకండి.

తొలకరి:
ఎత్తేయమనలేదు. బ్రౌజర్ తనిఖీని దాటేసి నేరుగా సర్వర్‌కు ఏదైనా పంపవచ్చు కాబట్టి సర్వర్‌లో తనిఖీ ఉండి తీరాలి. కానీ అక్కడ ఆపాల్సింది ప్లస్ గుర్తును కాదు, లైన్ బ్రేక్‌ను. ఫారమ్‌లో వచ్చిన ఐడీని ఉన్నదున్నట్టు మెయిల్ ఫ్రమ్ హెడర్‌లో (పంపినవారి చిరునామా ఉండే వరుసలో) పెట్టే కోడ్ ఇప్పటికీ కనిపిస్తుంది. ఐడీ వెనక ఒక లైన్ బ్రేక్, దాని కింద బీసీసీ (ఇతరులకు కనిపించకుండా పంపే ప్రతి) అంటూ చిరునామాల వరుస వస్తే, మన సర్వరే స్పామ్ పంపడం మొదలుపెడుతుంది. దీన్ని తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే ఒక్క వరుస కోడ్‌తో ఆగిపోయే ముప్పు ఇది. ముందూ వెనకా ఖాళీలు తీసేయండి, పొడవు 254 దాటితే వద్దనండి, ఎట్ గుర్తుకు రెండువైపులా ఏదో ఒకటి ఉందో లేదో చూడండి. పీహెచ్‌పీ భాషలో ఐడీ రూపాన్ని తనిఖీ చేసే ఫిల్టర్_వార్ చాలామందికి సరిపోతుంది కానీ, మామూలుగా అది తెలుగు ఐడీలను ఒప్పుకోదు.

కోడ్‌బాట:
ప్లస్ గుర్తు, పొడవైన డొమైన్లు సరే. లింకు నొక్కేదాకా ఖాతా ఆపడం మాత్రం నాకు సమ్మతం కాదు. ఆ దశలోనే కొందరు వెళ్లిపోతారు.

తొలకరి:
ఖాతా తెరవండి, అభ్యంతరం లేదు. పాస్‌వర్డ్ మార్పు లింకు, వ్యక్తిగత వివరాలు మాత్రం కన్ఫర్మేషన్ లింకు నొక్కిన ఐడీలకే పంపండి. ఒకే ఐడీకి గంటలో ఎన్ని కన్ఫర్మేషన్ మెయిళ్లు వెళ్లవచ్చో హద్దు పెట్టండి. లేకపోతే మీ ఫారమ్‌తోనే ఇతరుల ఇన్‌బాక్స్‌ను ముంచెత్తుతారు.