గది కెమెరా అబ్‌స్క్యూరా: ఉత్త చిల్లా, లెన్సా?

వెలుగుజాడ:
గది చీకటి చేసి, కిటికీ మూతకి చిల్లు పెట్టి, ఎదుటి వీధిని గోడ మీదా మంచం మీదా పడనిచ్చి ఫోటో తీసే కెమెరా అబ్‌స్క్యూరా పద్ధతిలో లెన్స్ వాడకూడదని నా వాదన. ఫోటోగ్రాఫర్ అబెలార్డో మోరెల్ 1991లో మొదలుపెట్టిన గది చిత్రాల్లో ఫిల్మ్ మీద గంటల తరబడి ఎక్స్‌పోజర్. కదిలే మనుషులు, బండ్లు చెరిగిపోయి కదలనివే మిగులుతాయి. లెన్స్ పెడితే ఆ నిడివే పోతుంది.

గాజుపలక:
మోరెల్ కూడా తర్వాత లెన్సులు, ప్రిజమ్ వాడారండీ. గోడ 4 మీటర్ల దూరంలో ఉంటే 10 మి.మీ. చిల్లు ఎఫ్/400 అవుతుంది (దూరాన్ని చిల్లు వెడల్పుతో భాగిస్తే వచ్చేది). మండే ఎండలో ఉన్న వీధి కూడా గోడ మీద సుమారు 0.03 లక్సే, నిండు వెన్నెల కంటే తక్కువ. చిల్లు 2.5 మి.మీ.కి తగ్గిస్తే పదును వస్తుంది గానీ వెలుతురు పదహారో వంతుకి పడిపోతుంది. 2 మి.మీ. దాటి తగ్గిస్తే వివర్తనం (సన్నని చిల్లు దాటేటప్పుడు వెలుతురు చెదరడం) వల్ల మళ్ళీ మసకే. కళ్ళద్దాల షాపులో +0.25 పవర్ గాజు కోయకుండా తీసుకోండి, ఫోకస్ సరిగ్గా 4 మీటర్లు. నల్ల అట్టతో 25 మి.మీ.కి కుదిస్తే 10 మి.మీ. చిల్లు కంటే ఆరు రెట్ల వెలుతురు. గదిలో ఫోటో తీసే కెమెరాలో ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, ఎఫ్/5.6 దగ్గర ఎనిమిది నిమిషాల పని నిమిషంపావులో అవుతుంది.

వెలుగుజాడ:
గోడ వరకు ఒప్పుకుంటాను. మరి కిటికీకి 2 మీటర్లలో ఉన్న మంచం? మీ గాజుతో అక్కడ ప్రతి చుక్కా 12.5 మి.మీ. మరక. ఉత్త చిల్లుతో గదంతా ఒకటే 10 మి.మీ. మసక. దుప్పటి ముడతల మీద వీధి వంగడమే ఈ చిత్రానికి ప్రాణం. గోడ ఒక్కటే పదునుగా ఉంటే గది సినిమా తెరైపోతుంది.

కొలబద్ద:
అసలు తగువు ఇక్కడే ఉంది. గాజుని 20 మి.మీ.కి కుదించండి. మంచం మీద మరక సరిగ్గా 10 మి.మీ. అవుతుంది, ఉత్త చిల్లుతో సమానం. వెలుతురు మాత్రం నాలుగు రెట్లు. గది 3 మీటర్లే అయితే సరిపడే పవర్ షాపులో దొరకదు, పవర్లు పావు చొప్పున పెరుగుతాయి కాబట్టి. అదే +0.25 వాడండి, గోడ మీద 5 మి.మీ. మసకే.

పని చెడేది ఎక్కువగా లీకుల వల్ల. నల్ల పాలిథిన్ రెండు పొరలు, తలుపు కింద దుప్పటి, ఏసీ లైటు మీద టేపు. పడమటి కిటికీ అయితే పొద్దున తీయాలి, అప్పుడే ఎదుటి గోడలు వెలుగులో ఉంటాయి. ఆటోఫోకస్ పట్టదు. టార్చి వేసి గోడ మీద చేత్తో ఫోకస్ చేసి ఆర్పేయండి.

గాజుపలక:
20కి ఒప్పుకున్నాను. రంగు సంగతి మిగిలింది. ఇంత మసక వెలుతురులో కంటికి ఎరుపు దాదాపు నల్లగా కనిపిస్తుంది, సెన్సర్‌కి ఎర్రగానే అందుతుంది. గదిలో ఎవరూ చూడని ఆ ఎరుపుని అలాగే ఉంచాలనే నా పక్షం.

వెలుగుజాడ:
నేను ఒప్పుకోను. ఇరవై నిమిషాలు చీకట్లో కూర్చుంటే కళ్ళు అలవాటు పడి ఏది కనిపిస్తుందో, ప్రింట్‌లో రంగుని అంతవరకే తగ్గించాలి.