క్లాసు టైమ్‌కే కంప్యూటర్‌లో వైఫై పోతోంది, ఫోన్‌లో బాగానే ఉంటోంది

పర్లాకిమిడి_మాస్టారు:

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. తెలుగు మాస్టారుగా రిటైరయ్యాను, ఇప్పుడు రోజూ సాయంత్రం 7 గంటలకి వీడియో కాల్‌లో పదకొండుమంది పిల్లలకి తెలుగు నేర్పుతున్నాను, అందరూ ఇక్కడి తెలుగువాళ్ళ పిల్లలే, ఇంట్లో చక్కగా తెలుగే మాట్లాడతారు గానీ బడిలో ఒడియా, ఇంగ్లీషు, తెలుగులో సొంత పేరు రాయమంటే చెయ్యి ఆగిపోతుంది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది, ఇక్కడ పిల్లలకి అక్షరాలు రాకపోవడం నాకు చాలా బాధ, అందుకే ఒక్కరోజు కూడా మానకుండా చెబుతున్నాను.

సమస్య ఏటంటే క్లాసు మొదలెట్టిన పది పదిహేను నిమిషాలకి కంప్యూటర్‌లో వైఫై పడిపోతుంది. ఒక్కోసారి గీతలు తగ్గి బొమ్మ ఆగిపోతుంది, ఒక్కోసారి పూర్తిగా కట్ అయ్యి మళ్ళీ దానంతట అదే కలుస్తుంది. నిన్న ఒక పాప క గుణింతం అప్పజెబుతోంది, కి కీ దగ్గర నోరు తెరిచినట్టే బొమ్మ ఉండిపోయింది, నేను ఇటు పిలుస్తూనే ఉన్నాను, మళ్ళీ కలిసేసరికి పాప వెళ్ళిపోయింది.

డెస్క్‌టాప్, విండోస్ 10, వెనకాల చిన్న యూఎస్‌బీ వైఫై డాంగిల్. ఫైబర్ కనెక్షన్, రౌటర్ హాల్లో ఉంది, కంప్యూటర్ పక్క గదిలో, మధ్యలో ఒకటే గోడ. అదే గదిలో అదే టైమ్‌కి నా ఫోన్‌లో నెట్ బ్రహ్మాండంగా ఉంటుంది. పగలు కంప్యూటర్‌లో కూడా బాగుంటుంది. నెట్ వాళ్ళు రెండుసార్లు వచ్చి చూసి సాయంత్రం లోడ్ ఎక్కువండీ అని వెళ్ళిపోయారు. బజార్లో షాపుకి పట్టుకెళ్తే ఫార్మాట్ కొట్టి 500 తీసుకున్నారు, ఇంటికి తెచ్చిన రోజు సాయంత్రమే మళ్ళీ అదే కథ. ఇంకో మాట, వైర్ లేని మౌస్ కూడా ఆ టైమ్‌లో గెంతుతూ ఉంటాది, బ్యాటరీ కొత్తది వేశాను, తేడా లేదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఏ పని చెప్పినా చేస్తాను.

బరంపురం_కుర్రోడు:

నమస్తే మాస్టారూ. మీరు చేస్తున్న పని చాలా గొప్పది, మా మేనకోడలు కూడా అంతే, తెలుగు గలగలా మాట్లాడుతుంది, అక్షరం ముక్క రాదు.

ముందు తప్పు లైన్లో ఉందా ఇంట్లో ఉందా అది తేల్చుకోండి, అది తేలకుండా ఎవరు ఏం చేసినా చీకట్లో తడుముకోవడమే. స్టార్ట్‌లో సీఎమ్‌డీ అని కొడితే నల్ల విండో వస్తుంది, అందులో ఐపీకాన్ఫిగ్ అని కొట్టండి, డిఫాల్ట్ గేట్‌వే అని ఒక నంబరు చూపిస్తుంది, ఎక్కువగా 192.168.1.1 ఉంటుంది, అదే మీ రౌటర్. ఇప్పుడు పింగ్ అని కొట్టి ఖాళీ వదిలి ఆ నంబరు, మళ్ళీ ఖాళీ వదిలి అడ్డగీత, దాని పక్కన టి. అది ఆగకుండా రౌటర్‌ని పిలుస్తూ, జవాబు ఎంతసేపట్లో వచ్చిందో చూపిస్తూనే ఉంటుంది. ఇంకో నల్ల విండో తెరిచి రౌటర్ నంబర్ బదులు 8.8.8.8 పెట్టి అదే నడపండి, అది బయట నెట్‌లో ఉన్న గూగుల్ వాళ్ళ నంబరు. క్లాసు జరిగేటప్పుడు రెండూ పక్కన కనబడేలా ఉంచండి. రెండోది ఒక్కటే తెగితే నెట్ వాళ్ళ వైపు తప్పు, మొదటిది కూడా తెగితే తప్పు మీ కంప్యూటర్‌కీ రౌటర్‌కీ మధ్యలోనే, అప్పుడు వాళ్ళని వందసార్లు పిలిచినా లాభం లేదు.

రౌటర్ మీద ఎల్ఓఎస్ అని ఉన్న లైటు ఎర్రగా వెలుగుతోందేమో అది కూడా ఓసారి చూడండి, వెలిగితే ఫైబర్ లైన్లో సిగ్నల్ రావట్లేదని అర్థం.

రాయగడ_అక్క:

మాస్టారు గారూ, డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద మీ డాంగిల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ చూడండి, కరెంటు పొదుపు కోసం దీన్ని ఆపెయ్యొచ్చు అన్న టిక్ ఉంటే తీసెయ్యండి, మా ఇంట్లో దాంతోనే పోయింది. ఇంకా మీ చుట్టుపక్కల రౌటర్లు ఎక్కువ ఉంటే మీ రౌటర్ ఛానెల్ 1, 6, 11 మూడింటిలో ఖాళీగా ఉన్నదానికి మార్చండి, ఈ మూడే ఒకదాని మీద ఒకటి పడకుండా ఉంటాయి.

పర్లాకిమిడి_మాస్టారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. టిక్ తీసేశాను, ఛానెల్ పక్కింటి అబ్బాయి వచ్చి 11కి మార్చాడు, ఎర్ర లైటు లేదు. నల్ల విండోలు రెండూ పెట్టి నిన్న క్లాసు చెప్పాను. 7 గంటలకి రౌటర్ జవాబు 2, 3 మిల్లీసెకన్లలో వస్తోంది. 7:12కి ఒక్కసారి 400, 900, తరవాత రిక్వెస్ట్ టైమ్‌డ్ ఔట్ అని వరసగా నాలుగైదు లైన్లు. రెండు విండోల్లోనూ అదే. అంటే తప్పు ఇంట్లోనే అన్నమాట, ఇన్నాళ్ళూ నెట్ వాళ్ళ మీద అరిచాను. కానీ అదే టైమ్‌లో ఫోన్ తీసి చూస్తే బాగుంది, మరి రౌటర్ తప్పు ఎలాగవుతుంది?

గుణుపురం_అమ్మాయి:

మాస్టారూ నమస్కారం. మౌస్ కూడా గెంతుతోంది అన్నారు కదా, నాకు మొదట్నుంచీ అదే పట్టుకుంది. మౌస్‌కి నెట్‌తో సంబంధమే లేదు, రౌటర్‌తోనూ లేదు, మరి రెండూ ఒకే టైమ్‌కి పాడవుతున్నాయంటే రెండింటినీ ఏదో ఒకటే కొడుతోంది. వైఫై రేడియో తరంగాలు రెండు రకాలు, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. వైర్ లేని మౌస్‌లు మామూలుగా 2.4 గిగాహెర్ట్జ్‌లో నడుస్తాయి, చిన్న డాంగిల్స్ చాలావరకూ అందులోనే. రెండు సంగతులు చెప్పండి. మీ ఫోన్ ఏ వైఫై పేరుకి కలిసి ఉంది? క్లాసు టైమ్‌కి మాత్రమే కంప్యూటర్‌కి గుచ్చేది ఏదైనా ఉందా, ముఖ్యంగా డాంగిల్ పక్కన?

పర్లాకిమిడి_మాస్టారు:

అమ్మా, ఫోన్‌లో రెండు పేర్లు కనబడతాయి, చివర 5జీ అని ఉన్నదానికి కలిసింది. కంప్యూటర్‌లో ఆ పేరు అసలు రాదు, ఒకటే వస్తుంది.

రెండో ప్రశ్న చదివాక లేచెళ్ళి వెనక్కి వంగి చూశాను. ఉందమ్మా. రాలేకపోయిన పిల్లలకి ఇవ్వడానికి పాఠం రికార్డు చేస్తాను, కంప్యూటర్‌లో చోటు లేదని నేరుగా బయటి హార్డ్ డిస్క్‌లోకి పెట్టాను. హాజరు తీసుకుని, నిన్న ఇచ్చిన రాతపని చూసి, అప్పుడు హార్డ్ డిస్క్ గుచ్చి రికార్డు నొక్కుతాను. క్లాసు అయ్యాక తీసి బీరువాలో పెట్టేస్తాను. గుచ్చేది నీలం రంగు సాకెట్‌లో, డాంగిల్ దాని పక్కనే ఉంది, రెంటి మధ్యా వేలు కూడా పట్టదు. మౌస్‌ది కూడా ఆ వరసలోనే. షాపు వాళ్ళకి సీపీయూ ఒక్కటే ఇచ్చాను, హార్డ్ డిస్క్ బీరువాలోనే ఉండిపోయింది.

గుణుపురం_అమ్మాయి:

అదే మాస్టారూ, దొరికింది! నీలం సాకెట్ అంటే యూఎస్‌బీ 3. అందులో డేటా సెకనుకి 5 గిగాబిట్ల వేగంతో పోతుంది, ఆ వేగానికి పుట్టే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ మీద కూడా పడుతుంది. హార్డ్ డిస్క్ నుంచీ, దాని వైరు నుంచీ, సాకెట్ నుంచీ కూడా బయటికొస్తుంది. ఇంటెల్ వాళ్ళే 2012లో దీని మీద పేపర్ వేశారు. డాంగిల్ చెవి పక్కనే డప్పు కొడుతున్నట్టు అన్నమాట, రౌటర్ పిలుస్తూనే ఉంటుంది, డాంగిల్‌కి వినపడదు. వైఫై పేరు చివర 5జీ అంటే 5 గిగాహెర్ట్జ్, మీ ఫోన్ అందులో ఉంది, పైగా దూరంగా ఉంది, దానికి ఈ రొద తగలదు.

నన్ను నమ్మక్కర్లేదు, మీరే చూసుకోండి. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు రౌటర్ పింగ్ పెట్టి, హార్డ్ డిస్క్ లేకుండా రెండు నిమిషాలు, తరవాత అది గుచ్చి పాత రికార్డింగ్ ఒకటి అందులోంచి కంప్యూటర్‌లోకి కాపీ చేస్తూ రెండు నిమిషాలు.

అవును అని తేలితే ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు కొని డాంగిల్‌ని దానికి తగిలించి దూరంగా, కాస్త ఎత్తులో పెట్టండి. హార్డ్ డిస్క్‌ని నల్ల సాకెట్‌లోకి మార్చండి, అది మామూలుగా యూఎస్‌బీ 2, సెకనుకి 480 మెగాబిట్లు, మీ క్లాసు రికార్డింగ్‌కి అది ఎక్కువే. 5 గిగాహెర్ట్జ్ కూడా పట్టే డాంగిల్ తరవాత కొనొచ్చు, ఇప్పుడు డబ్బులు పెట్టకండి.

బరంపురం_కుర్రోడు:

చెల్లీ సూపర్, మౌస్ సంగతి నేను చదివి కూడా వదిలేశాను. మాస్టారూ ఒకటే గోడ కదా, ఎప్పుడైనా ఎలక్ట్రీషియన్ వస్తే చిన్న కన్నం వేయించి రౌటర్ నుంచి ల్యాన్ కేబుల్ లాగించేసుకోండి, కదలని కంప్యూటర్‌కి వైరుని మించింది లేదు. అలాగే విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, వైఫై గొడవకీ దానికీ సంబంధం లేదు గానీ ఆ మిషన్‌కి 11 ఎక్కుతుందేమో తీరిగ్గా చూపించండి, మీ పాఠాలన్నీ అందులోనే ఉన్నాయి కదా.

పర్లాకిమిడి_మాస్టారు:

అమ్మాయ్, మధ్యాహ్నం నువ్వు చెప్పినట్టే చేశాను. డిస్క్ లేకుండా 2, 3, 2. గుచ్చి కాపీ మొదలెట్టగానే 600, 1100, టైమ్‌డ్ ఔట్. తీసేస్తే మళ్ళీ 2. నమ్మకం కుదరక మూడుసార్లు గుచ్చి తీశాను, మూడుసార్లూ అంతే. మా ఆవిడని కూడా పిలిచి చూపించాను.

బజారుకెళ్ళి 120 రూపాయలకి వైరు తెచ్చాను. డాంగిల్‌ని కిటికీ ఊచకి దారంతో కట్టాను, హార్డ్ డిస్క్ నల్ల సాకెట్‌లోకి మార్చాను. నిన్న సాయంత్రం గంటసేపు ఒక్కసారి కూడా తెగలేదు, మౌస్ కూడా కుదురుగా ఉంది. మొన్న కి కీ దగ్గర ఆగిపోయిన పాపనే ముందు పిలిచాను, కౌ కం కః దాకా ఒక్క గుక్కలో చెప్పేసింది, అవతల వాళ్ళ నాయనమ్మ చప్పట్లు కొట్టడం కూడా నాకు వినబడింది. నీ మేలు మర్చిపోనమ్మా. బాబూ, ల్యాన్ కేబుల్‌కి ఎన్ని మీటర్లు తీసుకోమంటావు? రౌటర్ నుంచి గోడ పక్కగా కొలిస్తే ఏడు మీటర్లు వచ్చింది.

బరంపురం_కుర్రోడు:

పది మీటర్లది తీసుకోండి మాస్టారూ, రెండు వైపులా క్లిప్పు కట్టి ఉన్నదే అడగండి, క్యాట్ 6 అనండి చాలు. కన్నం మాత్రం ఆ క్లిప్పు పట్టేంత వేయించండి, లేకపోతే కోసి మళ్ళీ కట్టించాలి.